ఎక్కడ దిగుతారు?

లిఫ్టు మావయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. బస్సులో మనిషి కనబడితే చాలు, "ఎక్కడ దిగుతారు?" అని అడక్కుండా ఉండలేడు. బీపీ లేదు, షుగరు లేదు, అరవై నాలుగేళ్ళు వచ్చినా పళ్ళు ముప్పై రెండూ సొంతవే. డాక్టరు దగ్గరికి వెళ్ళే పనే లేదు. ఒకసారి వెళ్ళాడు గానీ, అది డాక్టరు కూడా అదే బస్సులో వెళ్తుంటే ఆయన ఎక్కడ దిగుతాడో చూద్దామని వెళ్ళాడు.

ఆ మాటకొస్తే ఆ ప్రశ్న అందరం అడిగేదే. నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే, కూర్చున్న మనిషి వంక జాలిగా చూసి అడుగుతాం. అతను లేస్తే ఆ సీటు మనదవుతుందని ఆశ. అందులో తప్పేమీ లేదు. కానీ బస్సంతా ఖాళీగా ఉండి, సీట్లన్నీ రా రమ్మని పిలుస్తుంటే, కిటికీ పక్కన కూర్చున్న ఒకే ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళి, పైకడ్డీ పట్టుకుని నిలబడి, "తమరు ఎక్కడ దిగుతారు?" అంటే ఆ మనిషి ఏమైపోవాలి? చాలామంది సంచి గట్టిగా పట్టుకునేవాళ్ళు. కొంతమంది భయపడి అక్కడే దిగిపోయేవాళ్ళు.

డ్రైవర్ని కూడా అడిగాడు. "డిపోలో" అన్నాడు డ్రైవరు. టిక్కెట్లు తనిఖీ చెయ్యడానికి ఎక్కిన ఇన్‌స్పెక్టర్ని అడిగాడు. "అది నేనడగాలండీ మిమ్మల్ని" అన్నాడాయన. ఒకసారి ఇద్దరు పోలీసులు ఒక దొంగని బేడీలు వేసి బస్సెక్కించారు. ఎవరైనా అయితే దూరం జరుగుతారు. మావయ్య దగ్గరికి జరిగాడు. పోలీసుల్ని కాదు, నేరుగా దొంగనే అడిగాడు.

"జైలు దగ్గర" అన్నాడు వాడు తలొంచుకుని.

"అయ్యో, ఇది అక్కడ ఆగదు నాయనా. ముందు స్టాపులో దిగి వెనక్కి నడవాలి. ఎడమ పక్కనించి వెళ్ళండి, నీడగా ఉంటుంది."

దిగేటప్పుడు వాడు బేడీలున్న చేతులతోనే ఆయనకి దణ్ణం పెట్టాడట. పోలీసులు మాత్రం కుడి పక్కనించి తీసుకెళ్ళారని మావయ్య ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో అందరికీ తెలుసు. ముప్పై నాలుగేళ్ళు ఒక పద్నాలుగు అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. స్టూలు మీద కూర్చుని, ఎక్కిన ప్రతివాళ్ళనీ అడిగేది ఆ ఒక్క మాటే. ఆ తర్వాత దానంతటదే నడిచే లిఫ్టు పెట్టి ఆయన్ని ఇంటికి పంపించారు. "మీట నొక్కితే మనిషి పైకెళ్తాడు, సరే. తప్పు అంతస్తులో దిగితే మీట వెనకాలొచ్చి పిలుస్తుందా?" అని ఆయన వాదన. ఎవరు వింటారు? ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ప్రశ్నని వదల్లేదు. సీనియర్ల పాసు ఒకటి చేయించుకుని బస్సుల మీద పడ్డాడు.

"ఆయన దృష్టిలో బస్సంటే అడ్డంగా నడిచే లిఫ్టు" అని తేల్చేసింది ఆయన భార్య, అంటే ఈ కథలో అత్తగారు. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు గానీ, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తీర్పులు మాత్రం సరిగ్గా ఇస్తుంది.

ఆవిడ బాధ ఆవిడది. వాళ్ళన్నయ్య పొరుగూరినించి పెళ్ళాంపిల్లలతో పది రోజులుందామని వచ్చాడు. రెండు పెట్టెలూ ఒక పరుపుచుట్టా గుమ్మం ముందు దించాడో లేదో, మావయ్య నవ్వుతూ ఎదురెళ్ళి, "రండి బావగారూ, రండి! ఎక్కడ దిగారు?" అన్నాడు. ఆయన అడిగింది ఏ స్టాపులో దిగారని. బావగారికి వినబడింది మాత్రం బస ఎక్కడ అని. అంటే, మా ఇంట్లో మాత్రం కాదు సుమా అని! ఆయన మొహం మాడిపోయింది.

"ఇంకా ఎక్కడా దిగలేదు బావగారూ" అన్నాడు బిగుసుకుపోయి.

"దిగకుండా ఎలా వచ్చారు?" అన్నాడు మావయ్య, నిజంగానే ఆశ్చర్యపోయి.

అంతే. దించిన పెట్టెలు మళ్ళీ ఎత్తుకుని లాడ్జికి వెళ్ళిపోయారు వాళ్ళు. అత్తగారు నాలుగు రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది. ఆ నాలుగు రోజులే నయమని మావయ్య అందరితో చెప్పుకున్నాడు.

అలాంటి ఇంటికి కోడలొచ్చింది. చిన్న ఊరి పిల్ల. వాళ్ళూరికి వచ్చేవే రెండు బస్సులు, రెండూ ఒక్కచోటే ఆగేవి. ఎక్కడ దిగాలన్న ప్రశ్న ఆ పిల్ల జన్మలో ఎదుర్కోలేదు. చేతిలో మాత్రం మంచి పనుంది. కట్టుడు పళ్ళు చెయ్యడం రెండేళ్ళు నేర్చుకుంది. మైనంతో పన్ను చెక్కిందంటే, అది ఎవరి నోట్లోదో పట్టుకొచ్చి పెట్టిందేమో అనిపించేది. నగరం ఆ చివర ఒక పెద్ద ల్యాబులో పనిచ్చారు. నెల రోజులు పరీక్షగా చూస్తారు, నచ్చితే ఖాయం చేస్తారు. ల్యాబు మేడమ్ పెట్టిన షరతు ఒకటే: పదింటికల్లా బల్ల ముందుండాలి. పదికి అచ్చుల్లో పోత పొయ్యడం మొదలవుతుంది, అప్పటికి చెయ్యి తక్కువైతే అచ్చులు పాడవుతాయి. రెండు లేటు మార్కుల దాకా ఓర్చుకుంటాను, మూడోది పడితే మర్నాడు రావొద్దు అంది మేడమ్.

మొదటి రోజే ఒకటి పడింది. ఎందుకంటే ల్యాబు ఉన్నది కొత్త వంతెన దగ్గర. పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సున్నం తడి ఇంకా ఆరనట్టున్న వంతెనొకటి తళతళలాడుతూ కనబడగానే చటుక్కున దిగిపోయింది. తీరా అడిగితే అది పాత వంతెనట! అక్కడుండే పాతది కూలగొట్టి, అదే చోట మూడేళ్ళ క్రితం మళ్ళీ కట్టారు. పేరు మాత్రం కూల్లేదు. కొత్త వంతెన అంటే ఇంకా దూరాన ఉంది, దానికి నలభై ఏళ్ళు, రెయిలింగు మధ్య మొక్కలు కూడా మొలిచాయి. ఇదెక్కడి చోద్యమమ్మా!

రెండో రోజు తెలివి తెచ్చుకుంది. ఈసారి ముసలి వంతెన కోసం చూసింది. పగుళ్ళూ నాచూ పట్టి ముసలితనం ఉట్టిపడుతున్న వంతెన ఒకటి కనబడితే దిగింది. అది రైలు వంతెన. ల్యాబుకి చేరేసరికి పదీ నలభై. రెండో మార్కు.

ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చేసింది. "నావల్ల కాదత్తయ్యా. రేపు ఇంకోటి పడితే పోతుంది. పొమ్మనిపించుకోవడం కంటే నేనే మానేస్తాను" అంది. మొగుడు తెల్లారుజామునే సరిగ్గా వ్యతిరేక దిక్కుకి షిఫ్టుకి పోతాడు, అతనేం చెయ్యగలడు? పాపం, రెండు వంతెనల బొమ్మలూ కాగితం మీద గీసిచ్చాడు. ఆ బొమ్మలో రెండూ ఒకలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున గుమ్మంలో మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని రెడీగా ఉన్నాడు.

"పద అమ్మాయ్. నాకూ అటే పనుంది."

ఏం పనంటే గొడుగు బాగుచేయించాలన్నాడు. ఆ మర్నాడు అక్కడి మిషన్లో బరువు చూసుకోవాలన్నాడు. "ఇక్కడి మిషను ఉన్నదానికంటే రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది, నమ్మకం లేదు" అట. ఆ మర్నాడు వెళ్ళి ఆ బరువు కరెక్టో కాదో ఇంకోసారి చూసుకోవాలన్నాడు. ఇలా రోజుకో పని చొప్పున వారాలు గడిచాయి. రోజూ కోడల్ని కొత్త వంతెన దగ్గర దింపి, ఎదురు బస్సెక్కి వచ్చేసేవాడు.

లేటు మార్కుల బాధ తప్పింది. పరువు బాధ పట్టుకుంది. ఎక్కింది మొదలు మావయ్య ముందు తలుపు నించి వెనక తలుపు దాకా వరసపెట్టి అడుగుతూ పోయేవాడు, "ఎక్కడ దిగుతారు? మీరెక్కడ దిగుతారమ్మా?" అని. పైగా పరిచయం ఒకటి: "అదిగో, ఆ మూడో సీట్లో ఉందే, మా కోడలు. పళ్ళు చేస్తుంది." ఒక పెద్దమనిషి ఆ మాట వినడమే ఆలస్యం, కోడలి ఎదురుగా వచ్చి కూర్చుని నోరు తెరిచాడు. కుడి వైపు పై పన్ను కదులుతోందట. బస్సు కుదుపుల్లో నాలుగు స్టాపుల దాకా ఆ నోరు తెరుచుకునే ఉంది. కోడలు చూడలేకా, చూడకుండా ఉండలేకా చచ్చింది.

"అత్తయ్యా, మావయ్యగారు అందర్నీ అలా ఎందుకడుగుతారు?" అని ఓ రోజు అడిగేసింది.

"సీటు పిచ్చి! జీవితమంతా స్టూలు మీద కూర్చున్నాడు కదా, మెత్తటి సీటు కనబడితే ప్రాణం లాగుతుంది" అంది అత్తగారు. ఈ ఒక్క తీర్పూ ఆవిడ తప్పుగా ఇచ్చింది. కానీ అప్పటికి అది ఎవరికీ తెలీదు.

నెల పూర్తవడానికి ఇంక ఒక్క రోజుంది. శుక్రవారం మధ్యాహ్నం ల్యాబులో పక్క బల్లావిడ అందరిముందూ నవ్వుతూ అంది: "ఇవాళ మీ బస్సే ఎక్కాను. మీ మావగారు నన్ను ఎక్కడ దిగుతావని అడిగారు. పెద్దాయన, సీటు కావాలేమోనని లేచి నిలబడ్డాను. తీరా ఆయన కూర్చోరే! నా సీటు ఇంకెవడో కొట్టేశాడు, ఇద్దరం నిలబడి వచ్చాం!" ల్యాబంతా ఘొల్లుమంది. మేడమ్ కూడా నవ్వింది. మేడమ్ నవ్వడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అనేసింది.

"మావయ్యగారూ, రేపు నేనొక్కదాన్నే వెళ్తాను. నాకు దారి తెలుసు. మీరలా అందర్నీ అడుగుతుంటే నవ్వుతున్నారు. సీటు కోసం అడుగుతారనుకుంటున్నారు."

మావయ్య నవ్వాడు. "అలాగే అమ్మా. నాకూ అటు పనులన్నీ అయిపోయాయిలే" అన్నాడు.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. అలా నవ్వేసరికి పిల్లకి మనసంతా పాడైంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. చిన్నతనం, పౌరుషం ఉంటాయి కదా.

శనివారం. ఒంటరిగా బస్సెక్కింది. అంతా బాగానే ఉంది. ఆ రోజు గడిస్తే ఉద్యోగం ఖాయం. మనసులో ఒకటే జపం: పాత వంతెన దగ్గర దిగకూడదు, రైలు వంతెన దగ్గర దిగకూడదు, కొత్త వంతెన దగ్గర దిగాలి. తొమ్మిదీ ముప్పై ఐదుకి బస్సు పాత వంతెన ముందు ఆగిపోయింది. ముందు రోడ్డంతా పైపుల కోసం తవ్వేశారు. కండక్టరు కిందికి దిగి కనుక్కుని వచ్చి గట్టిగా చెప్పాడు.

"బండి కుడి పక్కకి తిరిగిపోతుంది. కొత్త వంతెనవాళ్ళు పాత వంతెనలో దిగండి!"

పిల్ల నెల్లాళ్ళుగా ఏ చోట దిగకూడదని జపం చేస్తోందో, సరిగ్గా ఆ చోటే దిగమంటున్నాడు! ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుంది.

"దిగమ్మా" అన్నాడు కండక్టరు.

"నేను దిగను."

"కొత్త వంతెనేగా నీది? దిగు."

"దిగనండీ! ఇది పాత వంతెన! నాకు తెలుసు!"

"నాకూ తెలుసమ్మా! అందుకే దిగమంటున్నా!"

అప్పుడు వెనక సీట్లోంచి తెల్ల చీర కట్టుకున్న నర్సమ్మ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"లే తల్లీ. నేను కొత్త వంతెన కంటి ఆసుపత్రిలో చేస్తాను. మీ మావగారు నిన్ను నాకప్పగించాడు. నేను తీసుకెళ్తా."

"మీకా?" అంటూ లెక్కల మాస్టారొకాయన కళ్ళజోడు సర్దుకుని లేచాడు. "నాకప్పగించాడండీ. మూడు వారాలైంది."

"మూడు వారాలా? నాకు చెప్పి నెల కావొస్తోంది!" అన్నాడు గొడుగులు బాగుచేసేవాడు. "మా కోడలు ఎప్పుడైనా ఒక్కతే వస్తే ఓ కంట కనిపెట్టు, ఆ అమ్మాయికి మాత్రం తెలీనివ్వకు, చిన్నబుచ్చుకుంటుంది అన్నాడు. నేను నోరు విప్పానా? మీరే విప్పించారు!"

వెనక నించి ఇంకో ఇద్దరు, "మాక్కూడా" అన్నారు. కండక్టరుకి రోషమొచ్చింది. "అందరికంటే ముందు చెప్పింది నాకు! నేను డ్యూటీలో ఉన్నవాణ్ణి! బస్సులో ఉన్నంతసేపూ ఆ అమ్మాయి నా బాధ్యత, దిగాకే మీది!"

"అయితే దిగనియ్యవయ్యా ముందు!" అని కసిరింది నర్సమ్మ.

పుట్టింటివాళ్ళు పిల్లని ఒక్కసారే, ఒక్క ఇంటికే అప్పగించారు. మావయ్య ఏకంగా బస్సంతటికీ అప్పగించేశాడు.

అయిదుగురు మనుషులు ముందూ వెనకా కాపలాగా కోడల్ని దింపుకుని నడిపించారు. మెయిన్ రోడ్డు మీద కాదు. కూరగాయల మార్కెట్ వెనక సందులోంచి గొడుగులాయన దారి తీశాడు. "తొమ్మిదీ నలభై రెండు. ఈ నడకతో అయితే పదీ మూడు అవుతుంది. వేగం పెంచాలి" అని మాస్టారు రొప్పుతూ లెక్కలు కట్టాడు. అందరూ పరుగు లంకించుకున్నారు. నర్సమ్మ పరుగెత్తుతూనే మాట్లాడింది.

"నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో పొద్దున ఇంటికెళ్తూ నిద్రపోయి చివరి స్టాపుదాకా వెళ్ళిపోయేదాన్ని. ఎక్కడ దిగుతారమ్మా అని అడిగాడు మీ మావగారు. సీటు కోసమనుకుని కసురుకున్నాను. మర్నాటి నించి నా పక్కన మా స్టాపులోనే దిగే ఒకావిడని తెచ్చి కూర్చోబెట్టాడు, లేపడానికి. ఆ మాస్టారున్నాడే, కళ్ళు సరిగా కనబడవు, బోర్డులు చదవలేడు. ఆయన్ని గొడుగులాయనకి అప్పగించాడు."

"సీటు కోసం కాదా?" అంది పిల్ల.

"ఎప్పుడైనా కూర్చున్నాడా మీ మావగారు?"

పిల్ల ఆలోచించింది. నెల రోజుల్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. పక్కనే ఉండి కూడా తను చూడలేదు. సిగ్గేసింది.

"ఎవరెక్కడ దిగుతారో తెలిస్తేనే కదే, ఎవర్నెవరికి అప్పగించాలో తెలిసేది!" అంది నర్సమ్మ, కంటి ఆసుపత్రి వెనక గేటు తోస్తూ. వరండాలో కంటికి గంతలు కట్టుకుని కూర్చున్న పేషెంట్లు, "ఏమిటా చప్పుడు? ఎవరు?" అని తలలు తిప్పుతుండగా అందరూ ముందు గేటులోంచి బయటపడ్డారు. ఎదురుగానే ల్యాబు.

మేడమ్ హాజరు పుస్తకం పట్టుకుని గుమ్మంలోనే ఉంది. గడియారం తొమ్మిదీ యాభై ఎనిమిది. చెమటలు కక్కుతున్న గుంపుని పైనించి కిందికి చూసింది.

"ఎవరు వీళ్ళంతా? పళ్ళ కోసం వచ్చారా?"

"కాదు మేడమ్" అంది కోడలు ఆయాసపడుతూ. "మా మావగారి తరఫువాళ్ళు."

సాయంత్రం ఖాయం చేసిన కాగితం చేతికిచ్చింది మేడమ్. కోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. "వచ్చావా తల్లీ! పొద్దున్నించీ మీ మావగారితో వేగలేక చస్తున్నాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇందాక గోడమీద బల్లి పాకుతుంటే, దాన్ని కూడా ఎక్కడ దిగుతావని అడిగాడు!"

కోడలు కాగితం తీసుకెళ్ళి మావయ్య చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళు మెరిశాయి గానీ, "నాకు తెలుసుగా" అని ఊరుకున్నాడు.

"సోమవారం నించి మళ్ళీ నాతో రండి మావయ్యగారూ. మీరు లేకపోతే నాకు బాగోలేదు" అంది.

"నేనెందుకమ్మా? నీకు దారి తెలుసు కదా."

"నర్సమ్మగారు రమ్మన్నారు."

మావయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏ నర్సు? నాకే నర్సూ తెలీదే!"

"లెక్కల మాస్టారు కూడా రమ్మన్నారు."

"మాస్టారు కూడా చెప్పేశాడా!" అనేసి నాలిక్కరుచుకున్నాడు. కాగితం మడుస్తూ, గొంతు తగ్గించి అడిగాడు, "కండక్టరు?"

"ఆయనైతే దెబ్బలాడారు, నన్ను మొదట ఆయనకే అప్పగించారని."

"ఒక్కడూ నోరు కట్టుకోలేదన్నమాట" అని నిట్టూర్చాడు మావయ్య.

కోడలికి నవ్వాగలేదు. ఆయన కుర్చీ పక్కనే కింద కూర్చుంది. "నిజం చెప్పండి మావయ్యగారూ, మొత్తం ఎంతమందికి అప్పగించారు నన్ను?"

మావయ్య వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి అయింది. మధ్యలో ఆగి, అనుమానంగా కోడలి మొహంలోకి చూశాడు.

"నువ్వెక్కే బస్సులోనా," అన్నాడు, "దాని వెనకొచ్చే బస్సులో కూడానా?"